ఆనందకుమారి పాట

మా అల్లుడు ఆండ్రూకి ఏ వస్తువు మీదైనా మోజు మూడు నెలలుంటుంది. నాలుగో నెలలో ఆ వస్తువు మా ఇంటికి వస్తుంది. చేపల తొట్టి అట్లాగే వచ్చింది. చేపలు రాలేదు. బరువులెత్తే ఇనుప గుండ్లు వచ్చాయి. వాటిని తలుపుకి అడ్డం పెట్టుకున్నాను. ఈ వేసవిలో పెట్టె వచ్చింది.

నోటు పుస్తకమంత ఉంటుంది. నల్లది. పైన పదహారు రబ్బరు గళ్లు, నాలుగు తిప్పుడు మీటలు, అగ్గిపెట్టె పైభాగమంత తెర. ఒక గడి మీద వేలితో కొడితే డోలక్ దెబ్బ వినిపిస్తుంది. ఇంకో దానికి తాళాలు, ఇంకో దానికి చప్పట్లు. ఏం వాయించినా దాచుకుని, ఆపమనే దాకా అదే మళ్లీ మళ్లీ వాయిస్తుంది. ఆండ్రూ దాన్ని గ్రూవ్‌బాక్స్ అన్నాడు. నేను పెట్టె అన్నాను.

“దీంతో ఏం జేస్తారు?” అని అడిగాను.

“ఊరికే మామా. ఇంట్లో కూర్చోని వాయించుకునేదానికి. మంచం మీద పండుకోని గూడా వాయించుకోవచ్చు.”

“మరి నువ్వు వాయించుకోవా?”

“సూళ్లూరుపేటలో మా ఇల్లు ఇరుకు గదా. మా అమ్మకి తలనొప్పి.”

ఆండ్రూ అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మకి ఏదో ఒక నొప్పి వస్తుంది. పెట్టెకి చెవుల్లో పెట్టుకునే తీగ కూడా ఉంది. అది నాకు కనపడుతూనే ఉంది.

“తీసుకో నాయనా,” అంది నా కూతురు అబిగయీలు. “డోలక్ అయితే ఇంట్లో వాయిస్తే పక్కోళ్లు ఏమన్నా అనుకుంటారు. ఇదైతే చిన్నగా మోగుద్ది.”

పక్కవాళ్లు అనుకునేది నిజమే. నా భార్య ఆనందకుమారి చనిపోయి అప్పటికి పదకొండు నెలలు. ఏడాది తిరగకుండా ఇంట్లో డోలక్ మోగితే మా పేటలో ఊరుకోరు. చర్చిలో నేను వాయించవచ్చు. అది దేవుడి పని. ఇంట్లో వాయిస్తే అది నా సంతోషం. సంతోషం కూడదు.

నేను చదివింది మిషన్ బడిలో ఏడో తరగతి. పని రొయ్యల గుంటల మీద. మేత వేయించడం, నీళ్లు చూడడం. అది పొట్టకి. పేరుకి మాత్రం డోలక్. ముప్పై రెండేళ్లుగా మా పేట చర్చిలో డోలక్ నాదే. ఆనందకుమారి పాటలెత్తేది. ఆమె ఒక వరుస ఎత్తితే మిగిలినవాళ్లు అందుకుంటారు. పెళ్లయిన మొదటి ఆదివారం నుంచీ మా ఇద్దరి తగవు ఒకటే. నేను తాళం పరుగెత్తిస్తానని ఆమె. ఆమె పాట లాగుతుందని నేను. ఇంట్లో కూర ఉప్పగా ఉన్నా, గుడ్డలు ఆరకపోయినా చివరికి ఈ తగవులోకే వచ్చేవాళ్లం.

ఆరేళ్ల కిందట ఆ తగవు తీరింది. కోత పండుగ రోజు. నెల్లూరు నుంచి సంఘ పెద్దలు వచ్చారు. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టారు. ఆనందకుమారి తన తండ్రి కట్టిన పాట ఎత్తింది. మా మామ సువార్త చెప్పే ఉపదేశిగా పులికాట్ ఒడ్డున జాలర్ల ఊళ్లలో తిరిగినవాడు. వల ఖాళీగా తిరిగొచ్చిన తెల్లవారుజాము మీద పాట కట్టాడు.

పొద్దు పొడిచేదాకా వేచితిమి ప్రభువా
పడవ నిండ ఎండ తప్ప ఏమి లేదు ప్రభువా

ప్రతి ‘ప్రభువా’ తర్వాత రెండు దెబ్బల సేపు ఊరుకోవాలి. జవాబు కోసం ఆగినట్లు. మామ అట్లా కట్టాడు. ఆ ఊరుకోవడం ఆనందకుమారికి చాలా ఇష్టం. నాకు ఆ సమయంలో చేతులు ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

మూడో చరణంలో పాట విడిపోయింది. ఆమె ‘ప్రభువా’ అని ఆగింది. డోలక్ అప్పటికే తర్వాతి వరుసలో ఉంది. సగం మంది నాతో వచ్చారు, సగం మంది ఆమెతో ఆగారు. తర్వాత అందరూ ఆగారు. ఒక కోడి మాత్రం అరిచింది. నెల్లూరు పెద్దలు ముఖాలు చూసుకున్నారు. నేను మైకు దగ్గరికి వంగి, “మాయమ్మి పాట లాగుద్ది. ఇంట్లో గూడా ఇంతే,” అన్నాను. అందరూ నవ్వారు. పెద్దలు కూడా నవ్వారు. పండుగ నిలబడింది.

ఆనందకుమారి మళ్లీ పాట ఎత్తలేదు. ఐదేళ్లు వెనక గుమ్మం పక్కన చాప మీద కూర్చుంది. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. తగవు మాత్రం ఆగిపోయింది. గెలిచాను కాబట్టి ఆగిందనుకున్నాను.

పేటలో ఆ మాట పాతుకుపోయింది. బస్సు రాకపోతే ‘ఆనందకుమారి పాట అయింది’ అంటారు. కరెంటు వాళ్లు స్తంభం దగ్గర జాగు చేసినా అదే మాట. ఆమెను ఎన్నడూ చూడని పిల్లలు కూడా అంటారు. ఆమె పోయిన తర్వాత కూడా మాట పోలేదు. మాటలకు సమాధులుండవు.

పెట్టె ఇచ్చి వెళ్లేరోజు అబిగయీలు బస్టాపులో ఆ మాట మళ్లీ విన్నదట. వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“నాయనా, వచ్చే నెల అమ్మ సంవత్సరం ప్రార్థన కూడిక. తాతయ్య పాట పాడించాల. అమ్మ ఎట్టా పాడేదో అట్టానే పాడించాల. ఆ మాట పేటలో లేకుండా పోవాల.”

“ఉండే మాటే గదా అంటా ఉండేది.”

“అమ్మ లాగేదని నువ్వు నిజంగానే అనుకుంటా ఉండావా?”

“అనుకునేదేముంది? అందరూ చూసినారు.”

ఆమె నా వంక కాసేపు చూసింది. ఆస్పత్రిలో నర్సు. రోగులను చూసే చూపు అది.

“అయితే నేనే మంచి రోజు చూసి రుజువు చేస్తాలే,” అన్నాను.

“ఏమని?”

“నా తాళం ఎప్పుడూ తప్పలేదని.”

నేను ఊరికే అన్న మాట కాదు. అప్పటికే పెట్టెను చూస్తే నాకొక ఆలోచన వచ్చింది. మనిషి చెబితే మొహమాటం ఉంటుంది, పగ ఉంటుంది. యంత్రానికి అవి లేవు. అది చెప్పిందే మాట.

పెట్టె నేర్చుకోవడానికి వారం పట్టింది. మధ్యాహ్నం గుంటల నుంచి వచ్చి, అన్నం తిని, మంచం మీద కూర్చుని రబ్బరు గళ్ల మీద వేళ్లతో కొట్టేవాణ్ణి. మొదట్లో అది లోపల టిక్కు టిక్కుమంటూ లెక్క చెబుతుండేది. ఆ లెక్క వింటూ వాయించాలట. ముప్పై రెండేళ్లు వాయించినవాడికి లెక్క చెప్పేదెవరు? మొదటి రోజే ఆ టిక్కు నోరు మూయించాను.

మామ పాటకి డోలక్ నాలుగు వరుసలు కొట్టాను. ఆపి, వినిపించమని నొక్కాను. విన్నాను. మళ్లీ విన్నాను. ఒక్క దెబ్బ అటూ ఇటూ కాలేదు. గోడకి సున్నం గీత కొట్టినట్లుంది. ముప్పై రెండేళ్లలో నా వాయింపును నేను బయటి నుంచి వినడం అదే మొదటిసారి. ఇంత బాగా వాయిస్తానని నేనే అనుకోలేదు. అనుకోలేదని ఎవరితోనూ అనలేదు.

పక్కింటి ఆదిశేషమ్మ దడి మీద నుంచి తల పెట్టింది. మా పేట కాదు, మా మతం కాదు. దడి మాత్రం ఒకటే.

“ఏంది క్రీస్తుదాసన్నా, టపటపా కొడతా ఉండావు? నల్లులా?”

“డోలక్.”

“డోలక్ ఏదీ?”

పెట్టె చూపించాను. ఆమె కాసేపు వింది.

“బాగుండాదే. నువ్వు వాయించినట్టే లేదు.”

పొగడ్త అనుకున్నాను.

ఇక నా ఏర్పాటు నేను చేసుకున్నాను. సంవత్సరం కూడికలో అందరి ముందు పెట్టె పెడతాను. నా వాయింపు వినిపిస్తాను. చూశారా, తాళం ఎంత నిక్కచ్చిగా ఉందో అంటాను. ఆనందకుమారిని ఏమీ అనను. చనిపోయినవాళ్లను అనకూడదు. కానీ ఇద్దరిలో ఒకరు సరిగ్గా ఉన్నారని తేలితే రెండోవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. భార్య సంవత్సరం కూడికలో భర్త ఇట్లాంటి పని పెట్టుకోవడం మంచిదేనా అని నాకు తట్టలేదు. తట్టి ఉంటే కూడా చేసేవాణ్ణి.

కూడికకి పది రోజుల ముందు ఆదివారం ఆండ్రూ, అబిగయీలు వచ్చారు. భోజనాలయ్యాక పెట్టె తెచ్చి నా వాయింపు వినిపించాను. అబిగయీలు చేతులు కట్టుకుని వింది. ఆండ్రూ తల ఊపుతూ విన్నాడు. తర్వాత తెర మీదికి వంగి చూసి నవ్వాడు.

“మామా, దిద్దుబాటు ఏసే ఉండాది.”

“అంటే?”

“నువ్వు ముందు కొట్టినా ఎనక కొట్టినా, ఆ దెబ్బని లాక్కొచ్చి కరెక్టు చోట పెడతాది. కొత్తోళ్ల కోసం పెట్టినారు అది. నేనే ఏసి ఉంచినా. అది లేకపోతే నాకు ఒక్క ముక్క వచ్చేది కాదు.”

“అయితే ఇది నా వాయింపు కాదా?”

“చేతులు నీయే. టైము పెట్టెది.”

అబిగయీలు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

“తీసెయ్,” అన్నాను.

ఆండ్రూ దిద్దుబాటు తీసేశాడు. పాట మొత్తం, మూడు చరణాలు, ఆగకుండా వాయించాను. ఆండ్రూ దాన్ని వినిపిస్తూ, నేను నోరు మూయించిన టిక్కును మళ్లీ పలికించాడు. మొదటి వరుసలో నా దెబ్బ, టిక్కు కలిసి ఉన్నాయి. రెండో వరుసలో నా దెబ్బ వెంట్రుకవాసి ముందు. ‘ప్రభువా’ తర్వాత ఊరుకోవాల్సిన చోట రెండు టిక్కుల్లో ఒకదాన్ని మింగేశాను. రెండో చరణానికి ఒక వరుస ముందున్నాను. మూడో చరణం అయ్యేసరికి నేను పాట ముగించి కూర్చున్నాను, టిక్కు ఎక్కడో వెనక ఒంటరిగా నడుచుకుంటూ వస్తోంది.

“పెట్టె చెడిపోయింది,” అన్నాను.

“మామా…”

“మెల్లిగా నడస్తా ఉండాది. బ్యాటరీలు అయిపోయుంటాయి.”

ఆండ్రూ బ్యాటరీలు మార్చాడు. కొత్త బ్యాటరీలతో కూడా అంతే మెల్లిగా నడిచింది.

మరునాడు పెట్టెను సంచీలో వేసుకుని నాయుడుపేట బస్సెక్కాను. అక్కడ నరేంద్రబాబు అని మిక్సీలు, టీవీలు, చర్చిల మైకు సెట్లు బాగుచేసేవాడున్నాడు. చెడిపోయింది ఏమిటని అడిగాడు. కాలం మెల్లిగా నడుస్తోందని చెప్పాను. అతను పెట్టెను తెరవలేదు. నిమిషానికి అరవై టిక్కులు పెట్టి, గోడ గడియారం కింద ఉంచాడు. ఇద్దరం ఒక నిమిషం లెక్కపెట్టాం. టిక్కు, సెకను ముల్లు కలిసి నడిచాయి.

“నీ గడియారం సరిగ్గా ఉందా?” అన్నాను.

ఫోను తీసి పక్కన పెట్టాడు. మూడూ కలిసి నడిచాయి.

“అన్నా, నువ్వు డోలక్ వాయిస్తావా?” అన్నాడు.

“ఎట్టా తెలుసు?”

“గడియారం మీద అనుమానపడేది మీరే. రెండు నెలల కింద ఒకాయన వచ్చినాడు. ఆయనది తబలా.”

“ఆయన పెట్టె చెడిపోయిందా?”

“లేదన్నా. ఆయనది గూడా బాగుండాది.”

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. హైవే మీద లారీలు చూస్తూ ఆలోచించాను. నేను పరుగెత్తిస్తే పరుగెత్తించానే అనుకో. దాంతో ఆమె లాగలేదని ఏమిటి? నేను పరుగెత్తించి ఉండవచ్చు, ఆమె కూడా లాగి ఉండవచ్చు. ఇద్దరిదీ తప్పయితే తప్పు సగమవుతుంది. సగం తప్పుతో మనిషి బతకొచ్చు. ఆ సగం కోసం అబిగయీలుకి ఫోను చేశాను.

“మీ అమ్మ పాట నీ ఫోనులో ఏమన్నా ఉందా?”

“ఎందుకు?”

“ఉందా లేదా?”

ఉంది. మా మనవరాలిని ఒళ్లో వేసుకుని జోకొడుతూ ఆనందకుమారి తన తండ్రి పాట మొత్తం పాడింది. మూడేళ్ల కిందటిది. డోలక్ లేదు. నేను ఇంట్లో లేను. గుంటల మీద ఉన్నట్లున్నాను. అందుకే పాడి ఉంటుంది.

బుధవారం సెలవు పెట్టి అబిగయీలు వచ్చింది. ఫోను నుంచి పెట్టెకి తీగ వేసింది. మొదటి వరుస వేగానికి టిక్కును సరిపెట్టింది. తెర మీద డెబ్బై ఎనిమిది అని వచ్చింది. తర్వాత ఇద్దరం విన్నాం.

నేను తప్పు కోసం విన్నాను. అది ముందే చెప్పాలి. ఆమె గొంతు విని ఏడాదయిందన్నది అప్పుడు నా తలలో లేదు. వేలితో మోకాలి మీద లెక్కపెడుతూ, ఎక్కడ లాగుతుందా అని కాచుకున్నాను. ఒకటి రెండు చోట్ల వెంట్రుకవాసి అటూ ఇటూ అయింది. ఒకసారి పాప ఏడిస్తే ‘ఉష్’ అంది. ఆ ‘ఉష్’ కూడా టిక్కు మీదే పడింది. ప్రతి ‘ప్రభువా’ తర్వాత రెండు టిక్కులు ఊరుకుంది. ఒకటిన్నర కాదు, రెండున్నర కాదు. మూడో చరణం చివర ఆమె, టిక్కు కలిసి ఆగారు.

“ఇంకొకసారి పెట్టు,” అన్నాను.

పెట్టింది. మళ్లీ కలిసే ఆగారు.

“చాలా?” అంది అబిగయీలు.

“చాలు.”

“ఏం చేస్తావు?”

“చెప్తా. అందరి ముందర చెప్తా.”

ఆమెకు నమ్మకం కుదరలేదు. తప్పు లేదు. ముప్పై ఏళ్లుగా నన్ను చూస్తోంది.

సంవత్సరం కూడిక రోజు పొద్దున సమాధి దగ్గరికి వెళ్లి పూలు పెట్టి వచ్చాం. పదకొండు గంటలకు ఇంటి ముందు షామియానా కింద అందరూ చేరారు. చాపల మీద ఆడవాళ్లు, కుర్చీల్లో మగవాళ్లు, బల్ల వెనక పాస్టరు అయ్యగారు, పక్కన కీబోర్డుతో సమాధానం. సమాధానం ఆయన పేరు, మా సంఘ పెద్ద. నా వయసువాడే. ఇరవై ఏళ్లు హార్మోనియం వాయించి, తర్వాత కీబోర్డుకి మారినవాడు. ఇంటి వెనక కోడికూర ఉడుకుతోంది. దాని వాసనకి ప్రార్థనలు కాస్త పొట్టిగానే సాగాయి.

ఆమె గురించి సాక్ష్యాలు చెప్పే వేళ లేచాను.

“నాలుగు మాటలు. కోత పండుగనాడు పాట చెడింది ఆనందకుమారి వల్ల కాదు. నా వల్ల. డోలక్ పరిగెత్తింది. ఆమె ఉండాల్సిన చోటనే ఉండింది. మైకులో నేను చెప్పింది తప్పు. మీరు ఆరేళ్లుగా ఆ మాట వాడతా ఉండారు. ఆ మాట తప్పు. అంతే.”

చాపల మీద నుంచి ‘స్తోత్రం’ అని ఒక గొంతు. ఇంకో గొంతు. నలుగురైదుగురు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. అయ్యగారు లేచి నా భుజం మీద చెయ్యి వేశారు.

“చూసినారా,” అన్నారు. “భార్య బతికున్నప్పుడు ఆమె బలహీనతను భరించినాడు. చనిపోయిన తరువాత ఆ బలహీనతను తన మీద వేసుకుంటా ఉండాడు. ఎంతమంది భర్తలు ఈ పని చేయగలరు?”

“అయ్యగారూ, నేను వేసుకోలేదు. అది నాదే.”

“ఆ వినయం, ఆ తగ్గింపు చూసినారా?” అన్నారు అయ్యగారు సంఘం వైపు తిరిగి.

పది నిమిషాలు నా తగ్గింపు గురించి చెప్పారు. నేను కాదన్నకొద్దీ అది పెరిగింది. ఆమె పేరు బాగుచేద్దామని లేస్తే నా పేరు బాగయింది. ముప్పై రెండేళ్లు డోలక్ వాయించి సంపాదించలేని మంచిపేరు, నిజం చెప్పి, దాన్ని ఎవరూ నమ్మకపోవడం వల్ల వచ్చింది. వెనక వరుసలో ఒకామె పక్కామెతో అంటోంది, “పాపం, ఎంత ప్రేమో. ఆయమ్మ అంత లాగినా.”

ఇంట్లోకి వెళ్లి పెట్టె తెచ్చాను. బల్ల మీద, బైబిలు పక్కన పెట్టాను. నాది వినిపించాను, టిక్కుతో. తర్వాత ఆమెది, టిక్కుతో. ఆమె గొంతు రాగానే ఆడవాళ్లు ఏడ్చారు. తాళం ఎవరూ వినలేదు.

“ఏడవబాకండి,” అన్నాను. “లెక్కపెట్టండి.”

అప్పుడు సమాధానం కీబోర్డు మీద నుంచి చేతులు తీసి, “కూర్చో దాసూ,” అన్నాడు. “ఎందుకొచ్చిన పెట్టె ఇది? మాకు తెలవదా ఏంది?”

“ఏం తెలుసు?”

“నువ్వు పరిగెత్తిస్తావని. ఇన్నేళ్లు నీ ఎనక పరిగెత్తలేక నా వేళ్లు వంకర్లు పోయినాయి. ఇక్కడ ఎవరికి తెలవదు చెప్పు?”

చుట్టూ చూశాను. కొందరు తల వంచుకున్నారు. కొందరు షామియానా గుడ్డలోని పూలను చూస్తున్నారు. అయ్యగారు మూడేళ్ల కిందట వచ్చినవారు. ఆయనొక్కరే నిజంగా ఆశ్చర్యపోయినట్లు కనిపించారు.

“మరి ఆ రోజు చెప్పలేదేం?”

“నీకు చెప్తే డోలక్ చంకన పెట్టుకోని ఇంటికి పోతావు. రెండు నెలలు రావు. పెద్దోళ్లు పొయ్యి బతిమాలాల. ఒకసారి అయింది గదా అట్టా. ఆయమ్మయితే ఏమీ అనుకోదు.”

“ఆమెకి తెలుసునా?”

“తెలవకపోతే పాతికేళ్లు నీతో ఏం తగవు పెట్టుకునింది? ఆ సాయంత్రం నేను ఆయమ్మ దగ్గరికి పోయి, చెప్తానమ్మా దాసుకి అన్నా. ‘ఆయనకి ఉండేది అదొక్కటే అన్నా, పోనీలే’ అనింది.”

ఎవరో సన్నగా దగ్గారు. ఆమె నన్ను తిట్టి ఉంటే జవాబు చెప్పేవాణ్ణి.

“పాట పాడదాం,” అన్నాను. “డోలక్ వద్దు. దీంతో పాడదాం. ఆమె వేగానికి.”

డెబ్బై ఎనిమిది పెట్టాను. పెట్టెకి మైకు ఆనించాను. టిక్కు షామియానా అంతా వినిపించింది. సమాధానం స్వరం ఇచ్చాడు. సమాధానం భార్య పాట ఎత్తింది. ఆరేళ్లుగా ఆమే ఎత్తుతోంది.

మొదటి వరుస బాగానే వచ్చింది. ‘ప్రభువా’ అన్నారు. ఆగలేదు. ఆరేళ్లుగా అక్కడ ఎవరూ ఆగలేదు మరి, నేను ఆగనివ్వలేదు. టిక్కు అక్కడ రెండు కొట్టి వచ్చేసరికి సంఘం రెండో వరుస మధ్యలో ఉంది. రెండో చరణంలో చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్లు నాకు తెలుసు. నా డోలక్ ఎట్లా పరుగెత్తేదో అట్లాగే పరుగెత్తాయి. డోలక్ బల్ల కింద ఊరికే పడి ఉంది. దాని అవసరం కూడా ఇప్పుడు లేదు.

“దాసూ, ఆ పెట్టె ఆపు,” అన్నాడు సమాధానం పాట మధ్యలో. “లాగతా ఉండాది. అందరికీ అడ్డం.”

ఆపలేదు.

వాళ్లు మూడో చరణం ముగించి ‘ఆమెన్’ అన్నారు. అయ్యగారు ఆశీర్వాదం చెప్పడానికి చేతులెత్తారు. వెనక వరుసల్లో చేతులు కడుక్కోవడానికి లేస్తున్నారు. టిక్కు అప్పటికి రెండో చరణం చివరలో ఉంది. నేను దాంతోనే ఉన్నాను. నేను పాడేవాణ్ణి కాదు. నా గొంతు గొంతు కాదు. పడవ నిండ ఎండ తప్ప ఏమి లేదు ప్రభువా అన్నాను. ఊరుకున్నాను. ఒకటి. రెండు. మూడో చరణం ఎత్తాను.

“ఇంకెంతసేపు?” అన్నారెవరో.

అయ్యగారి చేతులు గాల్లోనే ఉన్నాయి. దించాలో, ఉంచాలో ఆయనకు తెలియలేదు. లేచినవాళ్లు కొందరు మళ్లీ కూర్చున్నారు. కొందరు నిలబడే ఉన్నారు. అబిగయీలు వంట దగ్గర నుంచి గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. వచ్చి పాడలేదు. కూర సిద్ధంగా ఉంది, విస్తళ్లు వేసి ఉన్నాయి. వడ్డించడమూ మొదలుపెట్టలేదు.